కడబంతిలో లెక్కల మాస్టారు

ఆగండాగండి, అలా వెళ్లిపోకండి! ఆ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చోండి, ఇది వినేసి వెళుదురుగాని. నలభై ఆరు మంది అతిథులు, ఆరుగురు పట్టే ఒకే ఒక్క భోజనాల బల్ల, మధ్యలో ఊగిసలాడుతున్న ఒక పెళ్లి సంబంధం. ఇంతకంటే కొంపలు మునిగే పనేముంటుంది మీకు?

ఆ కుర్రాణ్ని ఇంట్లో అందరూ నల్లతెర అని పిలుస్తారు. రంగుని బట్టి కాదు. ఎప్పుడు చూసినా కంప్యూటర్లో ఒక నల్లటి తెర తెరుచుకుని, బొమ్మా లేదు బటనూ లేదు, ఊరికే అక్షరాలు టకటకా కొడుతూ కూర్చుంటాడు. వంతెనలు ఎంత బరువు మోస్తాయో లెక్కకట్టే ఆఫీసులో ఉద్యోగం. ఆ లెక్కలకి లక్షల వరుసల పట్టికలుంటాయి. గడుల్లో నూటికి తొంభై తొమ్మిది సున్నాలే. వరుసల్ని ఏ క్రమంలో పట్టుకుంటే లెక్క త్వరగా తెగుతుందో కనిపెట్టడం అతని పని. మంచి క్రమం దొరికిందా, పది నిమిషాలు. దొరకలేదా, రేపు ఈ వేళకి కూడా తెమలదు.

అందుకోసం అతని దగ్గర కొన్ని కమాండ్లున్నాయి. వరుసలన్నీ చుక్కలనుకోండి, వాటి మధ్య సంబంధాలు గీతలనుకోండి. ఏ చుక్కకి ఏ చుక్కతో గీతుందో ఒక ఫైల్లో రాసి కమాండు కొడితే, అది చుక్కల్ని గుంపులుగా విడగొడుతుంది. ఇంకో కమాండు కొడితే ఒకదాని వెనక ఒకటిగా వరుస పెడుతుంది. ఇవి రెండూ వేరువేరు కమాండ్లు. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అతను మర్చిపోయాడు.

ఆఫీసులో పక్క బల్ల అమ్మాయి, అతనూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. అమ్మాయి తండ్రి రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకి ఈ సంబంధం మీద ఉన్న అభ్యంతరం ఒక్కటే. "కుర్రాడికి యంత్రాలు తెలుసమ్మా, మనుషులు తెలీదు. రేపు నీకు జ్వరమొస్తే నల్లతెర మీద కమాండు కొడతాడా?" ఎంత చెప్పినా ఆయన ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. ఆదివారం రెండు కుటుంబాలూ అబ్బాయింట్లో భోంచేస్తాయి. సాయంత్రం బయల్దేరేలోపు మాస్టారు అవుననో కాదనో తేల్చి చెప్పేస్తారు.

మామూలు రోజుల్లో ఎంతమంది వచ్చినా అతని తల్లికి లెక్కే కాదు. వంటింటి గుమ్మంలో నిలబడి కళ్లతోనే సైగ చేస్తుంది, అందరూ కుదురుగా తినేసి లేస్తారు. కానీ ఆ ఆదివారం పొద్దున ఏడింటికి వంటింటి కుళాయి పిడి ఊడి ఆమె చేతిలోకొచ్చేసింది. నీళ్లు పైకప్పుని తడిపాయి. ఆమె ఒక చేత్తో గుడ్డ నొక్కిపట్టి, రెండో చేత్తో కూర కలుపుతూ ఉండగా కొడుకు ఉత్సాహంగా లోపలికొచ్చాడు.

"అమ్మా, ఎవరెప్పుడు తినాలో నేను చూసుకుంటాను. నువ్వు వంట చూసుకో."

"నువ్వా? నీ చొక్కా ఎక్కడుందో నీకు తెలీదు కదరా!"

"ఒక్క నిమిషం పనమ్మా. ఎవరికెవరు తెలుసో ఆ అమ్మాయినీ అడిగి రాస్తూ నాలుగు నెలల్నుంచి ఒక ఫైలు తయారుచేస్తున్నాను. ఒకరికొకరు తెలిసినవాళ్లందరూ ఒకే బంతిలో పడేలా కమాండు కొడితే, కబుర్లు చెప్పుకుంటూ హాయిగా తింటారు. మాస్టారు చూసి ముచ్చటపడిపోతారు."

"ఏదో ఒకటి చెయ్యి. కుళాయి బాగుచేసే ఆయన్ని పిలిచాను, ఆయనా ఇక్కడే తింటాడు. ఆయన్ని కూడా రాసుకో."

అతను రాసుకున్నాడు. తర్వాత నల్లతెర ముందు కూర్చున్నాడు, రోజుకి ఇరవైసార్లు కొట్టే కమాండునే వేళ్లు వాటంతటవే పోయి కొట్టేశాయి. రెప్పపాటులో పని పూర్తయింది, తప్పులేమీ లేవంది యంత్రం. ఒకటి నుంచి నలభై ఆరు దాకా చీటీలు అచ్చయ్యాయి. కాగితం కేసి ఒక్కసారి చూస్తే తెలిసిపోయేదే, కానీ యంత్రమే తప్పు లేదన్నాక మనిషి చూడ్డమెందుకు?

చీటీలు పంచే పని బాబాయికి అప్పజెప్పడం రెండో పొరపాటు. బాబాయి రిటైరైన బస్సు కండక్టరు. చేతికి చీటీల కట్ట తగలగానే ఆయన నడుం పదేళ్లు వెనక్కి వెళ్లి నిటారయ్యింది.

"ఒరేయ్, ముప్పై ఏళ్లు చేశాను. టికెట్ లేకుండా మీ పిన్నినే ఎక్కనివ్వలేదు. నువ్వు నిశ్చింతగా ఉండు."

పన్నెండున్నరకి ఇల్లు నిండిపోయింది. బాబాయి బల్ల పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఒకటి నుంచి ఆరు! ఒకటి నుంచి ఆరు, ముందుకి రావాలి!"

ఒకటో నంబరు చీటీ కుళాయి ఆయనది.

"నాకెందుకండీ ముందు? చేతికి ఇంకా గ్రీజుంది," అన్నాడాయన సిగ్గుపడుతూ.

"కడుక్కుని కూర్చోండి. నంబరంటే నంబరే."

రెండో నంబరు మేడమీద అద్దెకి దిగి వారమైన ఆయన. మూడు, మాస్టారి కుటుంబాన్ని తీసుకొచ్చిన వ్యాను డ్రైవరు. నాలుగు, పోయిన నెలే కాపురానికొచ్చిన ఒక కొత్తకోడలు. ఐదు, ఆరు కూడా అలాంటివాళ్లే. ఆరుగురిలో ఏ ఒక్కరికీ ఇంకొకరు తెలీదు. పరీక్ష హాల్లో కూర్చున్నట్టు ఎవరి పళ్లెం వాళ్లు చూసుకుంటూ తిన్నారు. ఉప్పు కావాలన్నా అడగడానికి మొహమాటం. ఇటు హాల్లో మిగిలిన నలభై మందీ గుమ్మం వైపు మెడలు సాచి, ఆ పెద్దమనుషులెవరా అని చూస్తున్నారు.

అందరికంటే పొడుగ్గా మెడ సాచింది మాస్టారి చెల్లెలు. ఆవిడ సూటిగా వంటింట్లోకే వచ్చేసింది.

"వదినగారూ, ఆ ఒకటో నంబరాయన మీకేమవుతారు? మేనమామగారా?"

"కాదమ్మా, కుళాయి బాగుచేశారు. పొద్దున్నుంచీ ఆయనే లేకపోతే మనం ఈదుకుంటూ తినేవాళ్లం."

"ఓహో. మరి మా అన్నయ్య నంబరు నలభై ఆరు. మొత్తం ఎంతమందిమి?"

"నలభై ఆ..." తల్లి నోట్లోనే మాట ఆగిపోయింది.

"అదే నేనూ లెక్కపెట్టాను," అని ఆవిడ గిరుక్కున తిరిగి హాల్లోకెళ్లిపోయింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాళ్లు ఇంకా మనవాళ్లు కాలేదు, కడబంతి మాత్రం ఖాయమైపోయింది. రెండు నిమిషాల్లో ఆ కబురు అమ్మాయి తరఫు ఇరవై ఇద్దరికీ చేరింది. చేరేసరికి అది "మనల్ని కావాలనే చివర కూర్చోబెట్టారట"గా పెరిగింది.

అమ్మాయి ఆ కాగితం లాక్కుని చూసి, అతని చొక్కా చెయ్యి పట్టుకుని వరండాలోకి ఈడ్చుకెళ్లింది.

"ఏ కమాండు కొట్టావు నువ్వు?"

"ఏదేంటి? రోజూ కొట్టేదే."

"రోజూ కొట్టేది వరుస పెట్టేది కదా మహానుభావా! ఇవాళ కొట్టాల్సింది గుంపులు చేసేది!"

వరుస పెట్టే కమాండుకి ఒక పద్ధతుంది. ఎవరికి తక్కువ గీతలుంటే వాళ్లని ముందు పంపించేస్తుంది. రెండు గుంపుల్నీ కలిపి పట్టుకున్నవాళ్లని చిట్టచివరికి అట్టిపెడుతుంది. వంతెన లెక్కకి అది అమృతం. భోజనాల బల్ల దగ్గర మాత్రం దానర్థం, దాదాపు ఎవరికీ తెలియని కుళాయి ఆయనకి అగ్రతాంబూలం, రెండు కుటుంబాల్నీ ఎరిగున్న నలుగురికి ఆకలి. ఆ నలుగురూ ఎవరంటే అతని తల్లి, అతను, అమ్మాయి, మాస్టారు.

"ఒక్కో బంతికి ఇరవై అయిదు నిమిషాలు. ఎనిమిదో బంతి అంటే మూడున్నర," అంది అమ్మాయి వేళ్లు లెక్కపెడుతూ. "మా నాన్న ఒంటిగంట దాటితే మనిషి కాదు. ఆకలేస్తే ఆయనకి అవును అనే మాటే గుర్తుండదు."

"చీటీలు పక్కన పడేసి అందర్నీ కూర్చోమందామా?"

"మీ బాబాయి వింటాడా?"

ఇద్దరూ తొంగి చూశారు. బాబాయి ఒక పెద్దావిణ్ని ఆపేసి "పద్నాలుగు ఇప్పుడు కాదు, దిగండి, దిగండి" అంటున్నాడు. ఆవిడ బాబాయికి సొంత అక్క.

"సరే, మళ్లీ సరైన కమాండు కొడతా," అన్నాడు నల్లతెర. తినేసిన పన్నెండు మందినీ తీసేస్తే ముప్పై నలుగురు మిగిలారు. ఆరు గుంపులు చెయ్యమన్నాడు. ఈసారి సరైన కమాండే. మాస్టారు, ఆయన దగ్గరి మనుషులు అందరూ మొట్టమొదటి గుంపులో చక్కగా పడ్డారు. అతను గాల్లో తేలిపోతూ కొత్త చీటీలు అచ్చుకొట్టి, పరుగున వెళ్లి తనే అందరి చేతుల్లోనూ పెట్టాడు.

తొందరలో ఒక చిన్న విషయం మరిచాడు. మనుషులు ఒకటి నుంచి లెక్కపెడతారు, ఆ యంత్రం సున్నా నుంచి లెక్కపెడుతుంది. మొట్టమొదటి గుంపు నంబరు సున్నా.

"ఒకటో గుంపు!" అని కేకేశాడు బాబాయి. ఒకటో గుంపు కూర్చుంది. మాస్టారు లేచి వచ్చి తన చీటీ చూపించాడు.

బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పెట్టి చూశాడు. "అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. మా సర్వీసులో సున్నా నంబరు సీటనేది లేదు. సున్నా అంటే టికెట్ లేనట్టే."

వంటింట్లో బాగైన కుళాయి కూడా చుక్క రాల్చలేదు. మాస్టారు ఆ చీటీని అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ముప్పై ఐదేళ్లు," అన్నాడు మెల్లగా. "ముప్పై ఐదేళ్లు పిల్లలకి సున్నాలు వేశాను. ఇవాళ నాకు సున్నా వచ్చింది."

"చూశావా అన్నయ్యా!" అందుకుంది చెల్లెలు. "ముందు నలభై ఆరన్నారు, ఇప్పుడు సున్నాకి దింపారు. ఇంకా కూర్చుంటే ఏం మిగులుతుంది? పద, వ్యాను తియ్యమను!"

వ్యాను డ్రైవరు మొదటి బంతిలోనే కడుపునిండా తిని వెనక సీట్లో గురకపెడుతున్నాడు. కనీసం ఆ ఒక్క విషయంలో నల్లతెర లెక్క పనికొచ్చింది. డ్రైవర్ని లేపే ప్రయత్నం జరుగుతుండగా మాస్టారు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

"నేను సున్నా వేస్తే, ఎందుకు వేశానో పిల్లాడికి పేపరు ఇచ్చి చూపించేవాణ్ని. బాబూ, ఈ సున్నా ఎవరు వేశారు?"

"నేనే సార్," అన్నాడు నల్లతెర.

"లెక్క చూపించు."

పదకొండు పేజీల ఫైలు అచ్చుకొట్టి ఆయన ముందు పెట్టారు. మాస్టారు జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. రిటైరైనా ఆయన జేబులో ఎర్ర పెన్ను రిటైరవ్వలేదు. నల్లతెర ఒక్కో వరుసా చూపిస్తూ చెప్పుకొచ్చాడు. ఒక్కో మనిషి ఒక్కో చుక్క, తెలిసినవాళ్ల మధ్య గీత, గీత పక్కన అంకె ఎన్నేళ్ల పరిచయమో. మీరు చివర్లో ఎందుకొచ్చారంటే మిమ్మల్ని తీసేస్తే ఈ బొమ్మ రెండు ముక్కలైపోతుంది కాబట్టి. సున్నా అంటే మార్కు కాదు సార్, అందరికంటే ముందు.

మాస్టారు ఎర్ర పెన్ను కొనతో ఒక్కొక్క వరుసా టిక్కు పెట్టుకుంటూ పోయాడు. నాలుగో పేజీలో పెన్ను ఆగింది. ఆయన కళ్లలో ముప్పై ఐదేళ్ల నాటి వెలుగు.

"దొరికింది! ఇదిగో తప్పు. మా చెల్లెలికీ మా తమ్ముడికీ మధ్య గీతేదీ? ఒక తల్లి పిల్లలయ్యా వాళ్లు! తోబుట్టువులకి గీత గియ్యలేనివాడివి, నీకు మనుషులేం తెలుసు? నేను ముందే చెప్పాను."

అమ్మాయి గోడకేసి చూసింది. మాస్టారి తమ్ముడు కిటికీలోంచి వీధిని పరీక్షించడం మొదలెట్టాడు. అప్పటిదాకా ఖణేల్మన్న చెల్లెలి గొంతు ఎటుపోయిందో.

"తప్పు కాదు నాన్నా," అంది అమ్మాయి చివరికి. "వాళ్లిద్దరూ మాట్లాడుకోక రెండేళ్లయింది."

"ఏంటీ?"

"చిన్నాన్న పుట్టినరోజుకి అత్తయ్య రెండు పేజీల శుభాకాంక్షలు రాసి ఫోన్లో పంపింది. చిన్నాన్న జవాబుగా బొటనవేలు బొమ్మ ఒక్కటి పెట్టాడు."

"రెండు పేజీలకి ఒక్క వేలు!" అంది చెల్లెలు, గొంతు దొరికి.

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలాడు. "మరి నాతో ఇద్దరూ రోజూ మాట్లాడుతూనే ఉన్నారు కదా?"

"మీతోనే సార్," అన్నాడు నల్లతెర మెల్లగా. "ఆవిడ కబురు ఆయనకి, ఆయన కబురు ఆవిడకి, మీ ద్వారానే వెళ్తున్నాయి. అందుకే మీ చుక్క తీసేస్తే..."

"రెండు ముక్కలవుతుందన్నావు." మాస్టారు ఎర్ర పెన్ను మూత పెట్టేశాడు. "మీలో ఇంకెవరికి తెలుసు ఈ సంగతి?"

ఇరవై ఇద్దరిలో ఇరవై మంది తలలు వంచుకున్నారు. మిగిలిన ఒక్కడు చంటిపిల్లాడు. మిగిలిన ఇంకొకరు మాస్టారే.

ఆ తర్వాత ఆయన ఒకే ఒక్క ఆజ్ఞ వేశాడు, అది కమాండు కంటే వేగంగా పనిచేసింది. తను మధ్యలో కూర్చుని, కుడిపక్క తమ్ముణ్ని, ఎడంపక్క చెల్లెల్ని కూర్చోబెట్టుకున్నాడు. బాబాయి చీటీ అడగబోయి, అన్నయ్యగారి మొహం చూసి, చేతిలో లేని సంచి సర్దుకున్నాడు. గంట రెండు దాటింది. ముగ్గురూ మాట్లాడకుండా తింటున్నారు.

"చిన్నన్నయ్యా," అంది చెల్లెలు కూర గిన్నె చూపిస్తూ, "కాస్త ఇటు జరుపు."

తమ్ముడు నోట్లో ముద్ద ఉండటం వల్ల, అలవాటు కొద్దీ, బొటనవేలు పైకెత్తి చూపించాడు.

చెల్లెలు ఆ వేలు కేసి చూసింది. తమ్ముడూ తన వేలు కేసే భయంగా చూసుకున్నాడు. ముందు ఆవిడ పెదవి చివర కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత బల్లంతా కదిలింది. నవ్వి నవ్వి ఆవిడకి పొలమారితే, వీపు మీద చరిచింది తమ్ముడే. "నెమ్మదే, నెమ్మది. రెండేళ్లది ఒక్కసారే నవ్వేస్తావా ఏంటి?"

ఐదు గంటలకి మాస్టారు చెప్పులేసుకుంటూ నల్లతెరని పిలిచాడు. తల్లి, అమ్మాయి, బాబాయి, తలుపు చాటు నుంచి ఇంకో ముప్పై మంది చెవులు రిక్కించారు.

"నీకు మనుషులు తెలీదన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. తెలీనిది నాకే. ఈ సంబంధం నాకు సమ్మతం."

హాలంతా ఒక్కసారి గోల. తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మాస్టారు మాత్రం ఇంకా చెప్పడం అవ్వలేదన్నట్టు వేలెత్తాడు.

"నాలుగు పేజీలే దిద్దాను. ఇంకా ఏడున్నాయి. ఈ కాగితాల నిండా కూర మరకలయ్యాయి. రేపు పొద్దున తొమ్మిదింటికల్లా ఆ ఫైలు నాకు పంపించు. ఇంకెక్కడెక్కడ గీతలు తెగాయో చూసి అతికించాక, పెళ్లి తారీఖు అనుకుందాం. అన్నట్టు, అంకెలన్నీ కలిపి మొత్తం రెండు వేల నూట పదిహేడని మీ యంత్రం కింద వేసింది. నోటుబుక్కులో రాసుకున్నాను. తేడా రాకూడదు."

వ్యాను కదలకముందే మొదలైంది. అతని మేనత్త పక్కకి పిలిచి, "నాకూ మా తోడికోడలికీ గీత లేదని రాశావా? ఒకటి గీసెయ్ నాయనా," అంది. బాబాయి వచ్చి, "ఒరేయ్, నా వరుస ఎవరికీ చూపించకు," అన్నాడు. కుళాయి ఆయనకి ఒకటే గీత, ఆయన నిశ్చింతగా వెళ్లిపోయాడు. కన్నతల్లి కూడా గిన్నెలు తోముతూ తోముతూ, "నాకూ మీ పిన్నికీ సంగతి ఏం రాశావురా?" అని నీళ్ల చప్పుడు చాటున అడిగింది.

అందరికంటే చివర, వ్యాను ఎక్కబోతూ, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి పరిగెత్తుకొచ్చింది అమ్మాయి.

"పదకొండో పేజీలో మన గీత పక్కన ఎంత వేశావు?"

"ఉన్నదే వేశా. నాలుగేళ్లు."

"చచ్చాం. నాన్నకి ఒక్క ఏడాదే అని చెప్పాను!"

వ్యాను వెళ్లిపోయింది. నల్లతెర ముందు ఇప్పుడు ఫైలు తెరిచి ఉంది. నాలుగుని ఒకటి చెయ్యడానికి ఒక్క మీట చాలు. కానీ అప్పుడు మొత్తంలో మూడు తగ్గుతుంది, నోటుబుక్కు ఊరుకోదు. ఆ మూడేళ్లూ ఇంకెవరో ఇద్దరి పరిచయానికి తగిలించాలి, మాస్టారు వాళ్లని పిలిచి అడిగితే తీగ లాగినట్టే. ఉన్నదున్నట్టు పంపితే, మనుషులు తెలిసిన కుర్రాడే గానీ మూడేళ్లు మాట దాచిన కుర్రాడని తేలుతుంది. యంత్రం మాత్రం ఎప్పట్లాగే, తప్పులేమీ లేవంటోంది. చెప్పండి, మీరైతే ఏం చేస్తారు?